తెగని తీగ

పెళ్ళికూతురు మెట్లెక్కి వచ్చి తలుపు తోసింది.

డిటెక్టివ్ కైలాసం అప్పుడు అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కుడి చెంప అయింది, ఎడమ చెంప మీద ఇంకా సబ్బు నురగ ఉంది. అద్దంలో అతనికి ముందు పసుపు చీర కనిపించింది, తర్వాత పసుపు పూసిన ముఖం, ఆ వెంటనే ఆ ముఖంలో కోపం.

"కైలాసమన్నా, గడ్డం తర్వాత గీసుకో. మా పిలగాన్ని అమీను పట్టుకపోయిండు."

"ఏ పిలగాన్ని?"

"నేను చేసుకునే పిలగాన్ని. నాకు ఎంతమంది ఉంటరు?"

రాజమణి హుస్సేనీ ఆలం బస్తీలో పాలు పోసే ఈశ్వరయ్య బిడ్డ. ఆమె చేసుకోబోయేవాడు నర్సింహ, కరెంటు పని చేసే మిస్త్రీ. లగ్గం ఆ సాయంత్రమే, దీపాలు పెట్టే వేళకు. పందిరి వేశారు, బాజా వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. పెళ్ళికొడుకు మాత్రం పోలీసు చౌకీలో హవాలాత్‌లో ఉన్నాడు.

"నలుగు పెట్టినంక గడప దాటొద్దంటరు గదా" అన్నాడు కైలాసం.

"దాటొద్దనే అన్నరు. లోపట ముడుచుకొని కూసుంటే అమీను సాబు వానిని తెచ్చి ఒళ్ళో పెడ్తడా?"

కైలాసం సబ్బు తుడుచుకున్నాడు. "సంగతి చెప్పు."

"జాగీర్దారు ప్రహ్లాద్ రాయ్ ఇంట్ల రాత్రి పావురం పోయిందట. పంజరం జాలి కత్తిరించిన్రట. కింద మా నర్సింహ కటింగ్ ప్లయర్ దొరికిందట. ఎర్ర సైకిల్ ట్యూబు చుట్టిన పిడి, బస్తీల అందరికీ ఎరుకే అది వానిదని."

"వాడు దొంగతనం చేసిండా?"

ఇంకెవరైనా అయితే ఆ ప్రశ్నకు ఏడ్చేవారు. రాజమణి ఏడవలేదు. "చేస్తే పావురాన్ని చేస్తడా అన్నా? ఈక గాలి సోకితే తుమ్ముతడు వాడు. మా అమ్మ కోడిని పట్టుకుంటేనే మూడిండ్ల అవతల నిలవడ్తడు."

కైలాసం టోపీ పెట్టుకున్నాడు. సగం గడ్డంతోనే మెట్లు దిగాడు.

ఇతని గురించి ఒక్క మాట చెప్పాలి. కైలాసం పదేళ్ళు ఒక కార్ఖానాలో ఫిట్టరుగా పని చేశాడు. మేనేజరును అందరి ముందు దొంగ అన్నందుకు పని పోయింది. ఆ మేనేజరు నిజంగానే దొంగ అని తర్వాత తేలింది. పని మాత్రం తిరిగి రాలేదు. దొంగను దొంగ అనడం తప్పయినప్పుడు ఆ తప్పే బతుకుదెరువుగా పెట్టుకుంటానని అతను హుస్సేనీ ఆలంలో ఒక మిద్దె గది తీసుకుని బోర్డు కట్టాడు.

చౌకీలో అమీన్ బాబురావు బూట్లు మెరుస్తున్నాయి. మీసాలకు కూడా అదే పాలిష్ రాసినట్టుంది. కైలాసాన్ని చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏం కైలాసం, సగం గడ్డంతో వచ్చినవు. కేసు కూడా సగమే ఎరుకనా?"

"సగం చాలు అమీన్ సాబ్. మీరింకా సబ్బు కూడా పూసుకోలే."

జవాను ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బాబురావు వాడి వంక చూశాడు. దగ్గు ఆగిపోయింది.

"పావురం పోయిన చోట వీని పనిముట్టు దొరికింది. మొన్నటి దాకా మూడు దినాలు వీడు ఆ ఇంట్లనే బల్బులు కట్టిండు. ఇంకేం కావాలె నీకు?"

"వీనితోని రెండు మాటలు కావాలె."

హవాలాత్ ఊచల వెనుక నర్సింహ నిలబడి ఉన్నాడు. పసుపు మరకల ధోవతి, మణికట్టుకు కంకణం. కైలాసాన్ని చూడగానే ముఖం విప్పారింది. "రాజమణి ఏమంటున్నదన్నా?"

"తిడుతున్నది."

"అయితే మంచిగనే ఉన్నది" అన్నాడు నర్సింహ ఊపిరి పీల్చుకుని.

"ప్లయర్ ఎప్పుడు పోయింది?"

"మొన్న పొద్దుమీకి. మిద్దె మీద పని చేస్తున్న. కిందికి దిగి చాయ్ తాగొచ్చేసరికి లేదు. శివయ్యను అడిగిన. గాయన పావురాలను చూసుకునేటాయన. నాకు ఎర్కలే బిడ్డా అన్నడు. నేల చూసుకుంట అన్నడు."

"నిన్న పోయినవా ఆ ఇంటికి?"

"నిన్న నలుగన్నా. ఇంట్లకెల్లి కదలనిస్తరా?"

"గా ప్లయర్‌తోని నువ్వేం చేస్తవు?"

ఈ ప్రశ్నకు నర్సింహ హవాలాత్‌ను మరిచిపోయాడు, ఊచలు పట్టుకుని ముందుకు వంగాడు.

"అది బజార్ల దొరికేది కాదన్నా. జంగు మొదలైనప్పటి సంది విలాయతీ సామాను వస్తలేదు గదా. తుప్పు పట్టినదొకటి తెచ్చి నేనే దారికి తెచ్చిన. ముక్కు లావుంటే సందులకు పోదని రెండు దిక్కుల అరగదీసిన. నీళ్ళల్ల ముంచుకుంట, ముంచుకుంట. వేడెక్కితే ఉక్కు మెత్తగైతది. దవడ లోపట ఆకురాయితోని చిన్న గాడి తీసిన. మళ్ళ పిడుల నడుమ ఒక రివిట్టు కొట్టిన. రివిట్టు ఎందుకంటే..."

"ఇది పాఠశాల కాదు" అన్నాడు అమీను. "బస్ చెయ్."

కైలాసం చిన్నగా నవ్వాడు. రివిట్టు ఎందుకో అతనికి తెలుసు. "ఇంకొక్కటి. ఆ పావురాన్ని చూసినవా నువ్వు? ఏందో పేరు..."

"మల్కా. చూసుడేంది, పొడిపించుకున్న." నర్సింహ చెయ్యి చాపాడు. వేలి కణుపు మీద చిన్న గాటు. "దాని చట్టి పక్కకెల్లి తీగ గుంజబోయిన. లేవకుండ కూసున్నకాణ్ణే పొడిచింది. మంచిగ తుమ్మిన నేను."

కైలాసం ఆ గాటును అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూశాడు. తర్వాత అమీను వైపు తిరిగాడు.

"జాగీర్దారు మిద్దె చూడాలె."

"నేను చూసిన. మళ్ళ చూసేదేముంది?"

"మీరు చూసింది ఒకసారి చూస్త. చూడంది కూడ చూస్త."

బాబురావు మీసం తడుముకున్నాడు. బల్ల సొరుగులోంచి రుమాలులో చుట్టిన కటింగ్ ప్లయర్ తీసి కోటు జేబులో వేసుకున్నాడు. "నేను సుత వస్త. నిన్ను ఒక్కణ్ణి ఇడిస్తే సాక్ష్యం నములుతవు. విను కైలాసం, లగ్గం యాళ్ళకు నువ్వు ఇంకో దొంగను చూపెడితే నేనే వీన్ని పందిరి దాకా తోలుకపోత. చూపెట్టకపోతే ఆ బోర్డు దించెయ్."

"మాటనా?"

"మాట."

ఊచల వెనుక నుంచి నర్సింహ గొంతు వినిపించింది. "ప్లయర్ పైలం అన్నా. ఎవరినీ ముట్టనియ్యకు."

జాగీర్దారు అంటే ఎవరో తెలియనివాళ్ళు ఈ రోజుల్లో లేరు. ఊళ్ళు ఎక్కడో ఉంటాయి, వాటి పంట ఇక్కడికి వస్తుంది, దాన్ని తిన్నాక మిగిలిన పొద్దంతా ఏం చేయాలన్నదే వాళ్ళ కష్టం. ప్రహ్లాద్ రాయ్ ఆ కష్టాన్ని పావురాలతో తీర్చుకున్నాడు. తండ్రి తీర్చుకున్నదీ వాటితోనే, తాత తీర్చుకున్నదీ వాటితోనే. తెల్ల షేర్వానీ, నిమ్మపండు రంగు శాలువా, కళ్ళలో నిద్రలేమి. దివాన్ మీద కూర్చుని బాదంపప్పులు పటపట కొరుకుతున్నాడు.

"ఆయియే అమీన్ సాబ్. ఈయన ఎవరు? సగం గడ్డం పోయింది, అది కూడా చోరీనా?"

"కైలాసం, డిటెక్టివ్. పెళ్ళికూతురు తరఫున వచ్చిన."

"పెళ్ళికూతురా?" ప్రహ్లాద్ రాయ్ చేతిలో బాదంపప్పు ఆగింది. "ఎవరి పెళ్ళి?"

"మీ ఇంట్ల బల్బులు కట్టినోనిది. ఇయ్యాల్నే."

జాగీర్దారు ఆ బాదంపప్పును తినకుండా పళ్ళెంలో పెట్టేశాడు. "నాకు మాలూం లేదు" అన్నాడు. ఆ మాట నిజంలాగే ఉంది. కైలాసం దాన్ని గుర్తుపెట్టుకున్నాడు.

"పావురం లేదని ఎప్పుడు తెలిసింది?"

"ఫజర్ తర్వాత, తెల్లారంగ. శివయ్య గింజలు వేయబోయి చూసిండు."

"రాత్రి ఆఖరుకు చూసింది?"

"నేనే చూసిన. పండుకునే ముందు రోజూ చూస్త."

"కుక్కలున్నయి గదా వాకిట్ల. మొరిగినయా?"

"లేదు. దొంగ హోషియార్ గదా" అన్నాడు ప్రహ్లాద్ రాయ్. "మియా, నా బాధ మీకు సమజ్ కాదు. ఇవాళ పొద్దు వాలినంక, అసర్ తర్వాత పందెం. చాంద్రాయణగుట్ట ఆనందరావు పటేలు పావురానికీ, నా మల్కాకూ. ఎవరిది ముందు దిగితే వాడు రెండోవాని గుమ్మానికి పోయి మూడు సలాములు కొట్టాలె. మూడు తరాల సంది మా ఇంటివాళ్ళు ఒక్క సలాం కొట్టలే."

"ఇప్పుడు పందెం?"

"చోరీ అయితే పందెం ఆగుతది. అది ఖాయిదా."

"పందెం నుంచి మీరే తప్పుకుంటే?"

"అది ఓటమి కింద లెక్క." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. వెంటనే వెండి పాన్‌దాన్ ముందుకు జరిపాడు. "పాన్ తీసుకోండి."

బాబురావు రెండు చిలకలు నోట్లో కుక్కుకున్నాడు. కైలాసం ఆకు విప్పి చూశాడు. లోపల వక్క పలుకులుగా లేదు. రోట్లో దంచిన పొడి.

"దంచిన వక్క తింటరా మీరు?"

"పళ్ళు కంజోర్ అయినయి" అన్నాడు ప్రహ్లాద్ రాయ్.

కైలాసం బాదంపప్పుల పళ్ళెం చూశాడు. సగం ఖాళీ అయింది. "మిద్దె చూద్దాం" అని లేచాడు.

మిద్దె మీద కబూతర్‌ఖానా మనిషి లోపలికి నడిచేంత ఎత్తు ఉంది. ఇనుప తీగల జాలి, చెక్క తలుపు, తలుపుకు తాళం. గోడ పొడుగునా గూళ్ళు, ఒక్కో గూటిలో ఒక్కో మట్టి చట్టి. ఇరవై దాకా పావురాలు గింజలు ఏరుకుంటున్నాయి. ఒక్కటి మాత్రం గింజల జోలికి పోవడం లేదు. నల్లని మెడ ఉన్న పెద్ద పోతు అది. తూర్పు వైపు జాలికి ఛాతీ ఆనించి అటూ ఇటూ అదే పనిగా తిరుగుతోంది.

"బాద్షా" అన్నాడు ప్రహ్లాద్ రాయ్. "మల్కా జోడీ."

"జోడీ పోయిందని రంది పెట్టుకున్నది, పాపం" అన్నాడు అమీను, నోటి నిండా పాన్‌తో.

మూలన శివయ్య నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాల, చేతిలో జొన్నల గంప. నర్సింహ చెప్పినట్టే నేల చూస్తున్నాడు.

జాలికి ఒక పక్క చెయ్యి పట్టేంత కంత. కైలాసం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెగిన తీగ కొసలను ఒక్కొక్కటిగా గోటితో తడిమాడు, తర్వాత భూతద్దం పెట్టి చూశాడు. కంత దగ్గర కింద పడిన తుంట ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు.

"చూసినవా?" అన్నాడు బాబురావు. "కత్తిరించిండు, చెయ్యి పెట్టిండు, పట్టిండు, పోయిండు. ప్లయర్ ఇక్కడ పడేసిండు. ఇగ పోదామా?"

"పోదాం. పోయే ముందు ఒక్క తీగ కత్తిరించండి."

"ఏంది?"

"మీ జేబుల ప్లయర్ ఉన్నది గదా. ఇదే జాలిల ఒక్క తీగ. జాగీర్దారు సాబ్, ఒక్క తీగ పోతే ఏం కాదు గదా?"

ప్రహ్లాద్ రాయ్ శాలువా సవరించుకున్నాడు, కానీ వద్దనలేదు. బాబురావు రుమాలు విప్పి ప్లయర్ తీశాడు. దర్జాగా తీగను దవడల నడుమ పెట్టి నొక్కాడు. తెగలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. మెడ నరాలు లేచాయి, పాన్ రసం మీసం మీదికి జారింది. ప్లయర్ తీసి చూస్తే తీగ మీద చిన్న నొక్కు తప్ప ఏమీ లేదు.

"మొద్దుబారింది" అన్నాడు రొప్పుతూ.

"మొద్దా? వేలు పెట్టి చూడండి. పైలం."

అమీను వేలు పెట్టాడు. చటుక్కున తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"వాదర మీద కొత్తగ సాన పట్టిన్రు" అన్నాడు కైలాసం. "తళతళ మెరుస్తున్నది. అయినా తెగదు. ఎందుకు తెగదు? పిడుల నడుమ చూడండి, చిన్న రివిట్టు. నర్సింహ చెప్పబోతే మీరు పాఠశాల కాదన్నరు. కరెంటు తీగ మీద రబ్బరు తొక్క ఉంటది. తొక్క తెగాలె, లోపటి రాగి తెగొద్దు. అందుకని దవడలు పూర్తిగ కలవకుండ రివిట్టు అడ్డం పెట్టిండు. ఎంత నొక్కినా నడుమ సన్నని సందు ఉంటది. తొక్క వలిచేందుకు చేసిన పనిముట్టు ఇది. దీంతోని ఈ జాలి నూరేండ్లు నొక్కినా తెగదు. ఆ సంగతి అందరికన్న ఎక్కువ ఎరుకున్నోడు నర్సింహ. తెగదని ఎరుకైనోడు దొంగతనానికి దీన్నే పట్టుకొస్తడా?"

బాబురావు వేలు నోట్లోంచి తీశాడు. "వంచి విరిచి ఉంటడు."

"విరిస్తే కొస గరుకుగ ఉంటది. ఇది నున్నగ ఉన్నది. ఇంకో ముచ్చట చెప్పనా? దీన్ని ఎత్తుకపోయినోడు కూడ మీ లెక్కనే మొద్దుబారిందనుకున్నడు. సాన మీద పెట్టి అరగదీసిండు. దవడ అరిగితే సందు ఇంకింత పెద్దగైతది గదా. ఎంత పదును పెడితే అంత పనికిరాకుంటైతది. పైగా నీళ్ళు చల్లకుండ ఎండు సాన మీద పట్టిండు. అంచు నీలం రంగుకు తిరిగింది చూడండి. పనోడైతే గిట్ల కాల్చడు." కైలాసం తల తిప్పాడు. "శివయ్య బాపూ, మీ వంటింట్ల కత్తుల సాన ఉన్నదా?"

శివయ్య జొన్నల గంపను గుండెకు హత్తుకున్నాడు. "ఉన్నది."

"శివయ్యను ఏమీ అడగొద్దు" అన్నాడు ప్రహ్లాద్ రాయ్.

"అడగను. మిమ్మల్నే అడుగుత. నాకు దంచిన వక్క పడదు. ఒక్క పాన్, కత్తిరించిన వక్కతోని ఇప్పించండి."

అమీను పాన్ నమలడం ఆపాడు.

"ఇదేం సవాల్?" అన్నాడు అమీను.

"ప్లయర్‌కు రెండు అంచులు ఉంటయి అమీన్ సాబ్. రెండు దిక్కులకెల్లి నొక్కుతయి. తీగ కొస ఇంటి కప్పు లెక్క రెండు దిక్కుల వాలుగ తెగుతది. ఈ కొసలు చూడండి. ఒక దిక్కే వాలు, రెండో దిక్కు చదును. అంటే కింద బల్ల, పైన కత్తి. గసుంటి పనిముట్టు ఇంట్ల ఏదుంటది? వక్కలు కత్తిరించే అడకత్తెర. నిన్నటి దాకా కత్తిరించిన వక్క తిన్న మనిషి ఇయ్యాల దంచుకొని తింటున్నడు. బాదంపప్పులు కొరికే పళ్ళు వక్క దగ్గర కంజోర్ అయినయట."

ప్రహ్లాద్ రాయ్ చెయ్యి షేర్వానీ జేబు మీదికి పోయింది. అలా పోయిందని ఆయనకు తెలియదు. బాబురావు చూశాడు. మూర్ఖుడు కావచ్చు గానీ గుడ్డివాడు కాదు.

"హుజూర్" అన్నాడు నెమ్మదిగా, "జేబుల ఏమున్నది?"

"నా సరోతా. నా ఇంట్ల, నా జేబుల. అది కూడా జుర్మ్‌నా?"

"చూపెట్టండి."

వెండి పిడి ఉన్న అడకత్తెర బయటికి వచ్చింది. దాని కత్తి మీద ఎలుక కొరికినట్టు గాట్లు. కైలాసం జేబులోంచి తీగ తుంట తీసి ఒక గాటులో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

"నా పావురాన్ని నేనే చోరీ చేస్తనా?" ప్రహ్లాద్ రాయ్ గొంతు పెంచాడు. "దీవానా అనుకున్నరా నన్ను? ఎందుకు చేస్త?"

"అది ఇంకొకరు చెప్తరు." కైలాసం గూళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "అన్ని గూళ్ళల్ల చట్లున్నయి. ఆ పెద్ద గూట్ల లేదు. గుండ్రంగ చట్టి మరక మాత్రం ఉన్నది. దొంగ పావురాన్ని ఎత్తుకపోతడు. చట్టి సుత ఎత్తుకపోతడా? శివయ్య బాపూ, బాద్షా ఎందుకు గిట్ల తిరుగుతున్నడు?"

శివయ్య పొద్దుటి నుంచి ఆ పోతు పావురాన్నే చూస్తున్నాడు. అది జాలికి కొట్టుకున్నప్పుడల్లా అతని భుజం కదులుతోంది. ఇప్పుడు ఇక ఉండలేకపోయాడు.

"పాళీ టైమ్ దాటిపోతున్నది సాబ్" అన్నాడు. "పాపం వానికి..."

అని నాలుక కరుచుకున్నాడు.

"ఏం పాళీ?" అన్నాడు అమీను.

జవాబు కైలాసం చెప్పాడు. "రాత్రంత గుడ్ల మీద ఆడది కూసుంటది. పొద్దెక్కినంక మగదాని పాళీ. పాతబస్తీల పుట్టినోనికి ఇది చెప్పాల్నా అమీన్ సాబ్? నర్సింహను మల్కా కూసున్నకాణ్ణే పొడిచింది. ఎందుకు లేవలే? కింద గుడ్లున్నయి. గుడ్ల మీదున్న పావురాన్ని ఎవ్వడూ ఎగరెయ్యడు. ఎగరెయ్యకుంటే ఓటమి. చోరీ అయితే పందెం ఆగుతది." అతను తలుపు తాళం వైపు చూశాడు. "బాద్షాను ఇడిచిపెట్టండి. వాడే చెప్తడు."

ప్రహ్లాద్ రాయ్ కదల్లేదు. శివయ్య కదిలాడు. యజమాని మాట కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఈసారి ఎదురుచూడలేదు. మొలతాడుకున్న తాళంచెవి తీసి తలుపు తెరిచాడు.

నల్లమెడ పోతు బాణంలా దూసుకుపోయింది. ఆకాశంలోకి పోలేదు. నేరుగా తూర్పు గది మీదికి పోయి, మూసిన కిటికీ పైనున్న గాలి కంతలోకి దూరింది. లోపలి నుంచి ముందు ఒక గొంతు, తర్వాత రెండు గొంతులు గుటర్ గుటర్‌మన్నాయి.

అమీన్ బాబురావు ఆ గది తలుపు తోశాడు. వెల్వెట్ పరుపు మీద మట్టి చట్టి ఉంది. దాని పక్కన ఎర్ర కాళ్ళ మల్కా రెక్కలు విదిలించి ఒళ్ళు విరుచుకుంటోంది. చట్టిలో బాద్షా అప్పుడే రెండు తెల్లని గుడ్ల మీద సర్దుకుని కూర్చుంటున్నాడు.

"మాషా అల్లా" అన్నాడు అమీను.

ప్రహ్లాద్ రాయ్ గుమ్మానికి ఆనుకున్నాడు. "మూడు తరాలు, మియా. ఒక్క సలాం కొట్టలే."

"కొట్టొద్దు. మీ సలాముల లొల్లి మీది. దానిల నర్సింహ ఎందుకొచ్చిండు?"

"వాణ్ని పట్టుకుంటరనుకోలే. పనిముట్టు ఉంటే బయటి దొంగ అనుకుంటరు, దొంగ దొరకడు, నాలుగు దినాలకు మల్కా వాపసు వస్తది, బస్."

"పొద్దున పట్టుకపోయిన్రు గదా. అప్పుడు చెప్పొచ్చు."

ప్రహ్లాద్ రాయ్ పరుపు వైపు చూశాడు. పావురానికి వెల్వెట్ పరుపు దొరికింది, మనిషికి హవాలాత్ నేల. ఆ లెక్క ఆయన అంతకుముందు ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటున్నట్టు కనిపించింది. వేసుకోవడం కష్టంగా ఉన్నట్టు కూడా కనిపించింది.

బాబురావు కైలాసాన్ని పక్కకు లాగాడు. "జాగీర్దారును నేనెట్ల పట్టుకపోను? నా నౌకరీ పోతది."

"మీరు పట్టుకపోయేది నర్సింహను. పందిరికి. మాటిచ్చిన్రు." కైలాసం గొంతు పెంచి ప్రహ్లాద్ రాయ్ వైపు తిరిగాడు. "వాడు హుజూర్ బగ్గీల పోవాలె. హుజూర్ సుత రావాలె. పందిర్ల అందరు వినంగ, వీడు దొంగ కాదు, నేనే తప్పు చేసిన అని చెప్పాలె."

"అందరి ముందా?"

"అందరి ముందే పట్టుకపోయిన్రు గదా వాన్ని."

"మరి ఆనందరావు పటేలుకు ఏం చెప్పాలె?"

"నా పావురం గుడ్లు పెట్టింది, ఎగరది అని చెప్పండి. అది సిగ్గుపడే మాటనా?"

ప్రహ్లాద్ రాయ్ గదిలోకి చూశాడు. మల్కా గింజల కోసం శివయ్య చెయ్యి మీద వాలింది. ఆయన ముఖంలో రాత్రంతా లేని నవ్వు మెల్లగా మొదలైంది. "కాదు" అన్నాడు. "కాదు, మియా."

దీపాలు పెట్టే వేళకు హుస్సేనీ ఆలం గల్లీలోకి బగ్గీ వచ్చింది. బాజా వాళ్ళు పొద్దుటి నుంచి దాచుకున్న ఊపిరంతా ఒక్కసారి ఊదారు. ముందు అమీను దిగాడు, తర్వాత జాగీర్దారు, ఆ తర్వాత తుమ్ముతూ నర్సింహ. దారి పొడుగునా ప్రహ్లాద్ రాయ్ షేర్వానీ మీద ఒక ఈక ఉంది మరి.

ప్రహ్లాద్ రాయ్ పందిరి మధ్యలో నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. మాటలు రెండే, కానీ గట్టిగానే చెప్పాడు. ముసలమ్మ ఒకతె "మళ్ళ చెప్పు, నాకు ఇనబడలే" అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. గల్లీ అంతా నవ్వింది, ఆఖరుకు ఆయన కూడా నవ్వాడు.

నర్సింహ చేతికి ప్లయర్ వచ్చింది. దీపం వెలుగులో పెట్టి చూశాడు. హవాలాత్‌లో ఒక్క చుక్క రాల్చనివాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవడు ముట్టిండు దీన్ని? అంచు కాల్చిన్రు గదనే. ఆకురాయి తేండి ఎవరన్న. కాలిన మందం తీసి రివిట్టు రెండు రుద్దులు రుద్దితే మళ్ళ దగ్గరకొస్తది..."

"ముందు పుస్తె కట్టు" అంది రాజమణి. "ఆకురాయి ఎక్కడికి పోదు. నేను పోత."

నర్సింహ పుస్తె కట్టాడు. తలంబ్రాలు పోసుకున్నారు. అన్నాలకు కూర్చునేలోపు ఎవరో ఆకురాయి తెచ్చిచ్చారు. పెళ్ళికొడుకు పీట మీదనే కూర్చుని అంచు దిద్దాడు, తర్వాత రివిట్టు అరగదీశాడు, అటు దిద్ది ఇటు రుద్ది వెలుగుకు పెట్టి చూశాడు. కైలాసం జేబులోంచి జాలి తీగ తుంట తీసి అందించాడు. నర్సింహ నొక్కాడు. టక్‌మని రెండు ముక్కలైంది.

"రివిట్టు జర ఎక్కువ అరిగింది గాని, ఇప్పుడు జాలి తీగ సుత తెగుతది" అన్నాడు ముఖమంతా వెలిగిపోతూ.

సరిగ్గా అప్పుడే ఒక మనిషి చెమటలు కక్కుతూ పందిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమీన్ సాబ్ ఈడున్నడా? చాంద్రాయణగుట్ట నుంచి వస్తున్న. మా ఆనందరావు పటేలు పావురం రాత్రి చోరీ అయిందట. జాలి కత్తిరించిన్రట. పందెం యాళ్ళకు పావురం ఏదని అడిగితే అప్పుడు చెప్పిండు మా పటేలు."

బాజా ఆగింది. పందిరిలో ప్రతి కన్నూ నర్సింహ చేతిలోని కటింగ్ ప్లయర్ మీదికి తిరిగింది. అమీను మెల్లగా లేచి నిలబడ్డాడు. రాజమణి అంతకన్నా వేగంగా లేచి మొగుడికి అడ్డం నిలబడింది.

కైలాసం ఒక్కడే లేవలేదు. లడ్డూ సగం కొరికి, గీయని చెంప గోక్కున్నాడు.

"కూసో తమ్మీ, ఊపిరి పీల్చుకో" అన్నాడు. "ఒక్క మాట చెప్పు. మీ పటేలు వక్క కత్తిరించుకొని తింటడా, ఇయ్యాల్టి సంది దంచుకొని తింటుండా?"